సగం పేరు

పెట్టెకు ఇరవై రూపాయలు.
జూన్‌ల గురుకులం తెరిచిన వారం
నర్సంపేట రోడ్డు మీది ఆ బడి వరండాల కూసుంట,
పక్కన టర్పెంటైన్ సీస, తెల్ల ఎనామిల్ డబ్బ.
ఆడపిల్లలు ట్రంకు పెట్టెలు మోసుకొస్తరు.
పేరు, తరగతి, ఊరు.
ఫ్లెక్సీలు వచ్చినంక నా కుంచెకు మిగిలిన పని
ఇదొకటి,
ఎర్రకుంటపల్లి స్తూపం ఒకటి.

ఆ ఏడు డ్రాయింగు మేడం స్వర్ణకుమారి
"ఓదెలన్నా, లోపలికి రా,
అక్షరం ఎట్ల నిలబడతదో పిల్లలకు చెప్పు" అన్నది.
చేతులు తుడుసుకొని పోయిన.
గోడ మీద బొమ్మ పడ్డది.
పెట్టెలు. తోలువి, అట్టవి,
ఒకదాని మీద ఒకటి, కుప్ప.
"మేడం, మన డార్మెటరీ!" అని నవ్విండ్రు పిల్లలు.

మేడం నవ్వలే.
యూదులను రైళ్ల నింపిన సంగతి చెప్పింది.
పేర్లు రాసుకోండి, మళ్ల మీయి మీకే ఇస్తమన్నరట.
దిగినకాడ పెట్టెలొక దిక్కు, మనుషులొక దిక్కు.
బోర్డు మీద అరవై లక్షలని రాసి
తనే తుడిపేసింది.
"ఈ అంకెను మీరు గీయలేరు.
ఒక్క పెట్టె గీయండి."

నాకు ఆ భాష రాదు, అక్షరం తెలుసు.
అవి పెయింటరు రాసినవి కావు.
మొదట పెద్దగ మొదలై, చివర్ల జాగ చాలక ఇరుకైనయి.
ఎవల పేరు వాళ్లు రాసుకుంటె గట్లనే అయితది.
ఒకాయన పేరు కింద గీత గూడ కొట్టిండు, సూటిగ.
మళ్ల వచ్చి తీసుకుంటననుకున్నోని గీత.

ఆరో తరగతి పిల్ల లేచి
"ఆ మూలది ఎవలది మేడం?" అన్నది.
మేడం దగ్గరికి పోయి, వేలు పెట్టి చదివింది.
ఎస్తేరు.
ఆ పిల్ల పేరు మంద ఎస్తేరు.
పొద్దుగాలే రాసిన, దాని పెట్టె మీద, పెయింటు ఇంకా ఆరలే.

జాటోతు ఇందు తన పెట్టెల తొక్కు సీస గీసింది,
మూత కింద పాలిథీన్ కవరుతో సహా.
ఇంకో పిల్ల తాళంకప్ప ఒక్కటే గీసి
"తాళంచెయ్యి ఎవల దగ్గరుంటది మేడం?" అన్నది.
మేడం కిటికీ దిక్కు చూసింది.

ఆదివారం అందరం స్తూపం దాక నడిసినం.
"అది వేరు, ఇది వేరు, రెంటినీ తూకమెయ్యద్దు" అన్నది మేడం,
"కానీ రాయి ముందట నిలబడుడు నేర్చుకోవాలె."
రజాకార్ల నాటి పేర్లు, పదకొండు.
కిందికి "మరియు ఇతరులు."
ఇరవై రెండేండ్ల సంది ఏటా దిద్దుతున్న.
'రు' కొమ్ము తిప్పుడు నాకు ఇష్టం.

"ఇతరులు అంటె ఎవలు తాతా?" అన్నది ఎస్తేరు.
డబ్బ మూత పెట్టిన. తీసిన. మళ్ల పెట్టిన.

నాలుగు ఆదివారాలు
నోటుబుక్కులు పట్టుకొని ఇల్లిల్లు తిరిగిండ్రు పోరగాళ్లు.
చెవులు వినరాని వాళ్లు, చాయ్ పోసి ఊకున్న వాళ్లు,
ఒకామె తలుపే తియ్యలే.
రెండున్నర పేర్లు తెచ్చిండ్రు.
గొల్ల బుచ్చయ్య.
మంగలి లచ్చవ్వ.
ఇంకొక్కతి, నీళ్లు మోసే పిల్ల, పదేండ్లు ఉండొచ్చు.
పోచమ్మనో, పోశవ్వనో,
తొంబై ఏండ్ల ముసలామె నోట్ల
'పో' ఒక్కటే నిలిచింది,
మిగిలింది పండ్లు లేని చిగురుల మీద జారిపోయింది.

"ఇతరులు" ముందట ఆ రెండు పేర్లు రాసిన.
మూడో వరుసల
'పో' రాసి కుంచె ఎత్తిన.

సర్పంచ్ సాబ్ పండుగ చేసే తారీఖుకు దండ తీసుకొచ్చి
కండ్లద్దాలు సవరించుకున్నడు.
"ఇదేందిరా ఓదెలు, ఎవల్ని పొమ్మంటున్నవ్?"
"పొమ్మనుడు కాదు సాబ్. రమ్మనుడు."

ఆయనకు కోపం వచ్చింది, ఎనామిల్ పైసలు ఇంకా రాలే.
పక్కన మూడక్షరాల జాగ అట్లనే ఉన్నది.
ఎస్తేరు ఒకసారి జానతో కొలిచి చూసింది,
సరిపోతదన్నది.