దిగుడు

ఆదివారం పొద్దుగాల మెట్టుగడ్డకు పోయిన,
సంచిల పేకకట్టంత యంత్రం.
ఖుద్దూస్ సారు అప్పటికే డాబా మీద,
లుంగీ ఎగ్గట్టి, చెవిల పెన్సిల్ చెక్కి.
తలమీద అరవై ఆరు అడుగుల రాగితీగ,
ఒక కొస నీళ్లట్యాంకుకు, ఒక కొస వెదురుబొంగుకు.
"నాలుగొద్దులాయె, రాయచూరు ఆయనకు నేను వినొస్తలేను.
తీగ పాడైందో, నేనే పాడైన్నో చూడాలె."

సారు మీటరు ఒక మాల్టు డబ్బా.
దాని మూతికి తగిలించే చుట్లు ఐదు,
హోమియో సీసాల మీద చుట్టి లక్క పూసినవి.
ఆరోది తొంభై ఆరుల ఎలుక ఎత్కపోయిందట.
స్కేలు డ్రాయింగు షీటు ముక్క,
అంకెలు ఉర్దూల,
నాలుగు మీద చాయ్ మరక.

దాన్ని దేనికీ కలిపేది లేదు.
దగ్గరికి తేవాలె, అంతే.
తీగ తన పేరు తాను విన్నట్టు
ముట్టకముందే
సూది కిందికి దిగుతది.
జెర దూరమైతే పలకదు.
మరీ మీదికి పోతే అబద్ధం చెప్తది.

నాది ముందుగాల మూడు అడుగుతది.
కొస తెరిచి చూపు.
కొస మూసి చూపు.
యాభై ఓముల బరువు పెట్టి చూపు.
సున్న అంటే ఏందో ఒప్పుకున్నంకనే
మాట మొదలువెడ్తది.
అప్పుడు పసుపు గీత నడుచుకుంట వచ్చి
మెట్లు మెట్లుగ కిందికి వోయి
ఆరు పాయింటు తొమ్మిది రెండు కాడ
దిగుడుబాయి అడుగు చూపించింది.

సూదేమన్నది?
"ఏడుకు జెర ఇవతల."

దాచుడెందుకు, నేను సూది గెలవాలనుకున్న.
మా జడ్చర్ల సబ్‌స్టేషన్ల పాత రిలేలు తీసేసి ఏడాది.
అవి టక్కుమని కొట్టుకుంటుండె.
కొత్తవి ఫోనుకు మెసేజి పంపుతయి.
రాత్రి డ్యూటీల ఇప్పటికీ
ఆ టక్కు కోసం నా చెవి తలుపు తీసే ఉంటది.

అందుకే మెచ్చుకున్న ననుకొని అన్న,
"సారూ, మీ మీటరు
బోరు పాయింటు చూసేటోళ్ల కొబ్బరికాయ లెక్కుంది."
ఆయన అద్దాలు తీసి అంగీ కొసకు తుడిచిండు.
మళ్ల తుడిచిండు.
"మా తమ్ముడు ఆ కొబ్బరికాయ మాటకు ఏడు బోర్లేసిండు.
ఏడిట్లా దుమ్మే.
అది నమ్మకం. ఇది కొలత.
సూది అబద్ధమాడదని నేనన్ననా?
ఎప్పుడాడ్తదో నాకెర్క, అంతే."

చెయ్యి చాపిండు. ఇచ్చిన.
ఇగ గంటదాక ఆ యంత్రం నాది కాదు.
చచ్చిన ట్రాన్సిస్టర్ చుట్ట,
ట్యూబులైటు చోకు,
మనుమరాలి సైకిలు హ్యాండిలు,
అన్నిటికీ తగిలించి అడిగిండు.
"ఇది డెబ్బై ఎనిమిదిల దొరికుంటే..."
అని ఆగిండు.
ఏదో పెద్దమాట వస్తదనుకున్న.
"మంచిగ నిద్రపోదును" అన్నడు.

తీగెందుకు పక్కదారి పట్టిందో
రెండు మీటర్లూ చెప్పలే.
కిందికి వంగి సారే చూపిండు.
పక్కింట్ల కొత్త రేకుల షెడ్డు,
ఎండకు తళతళ.
"ఇనుము కిందికొస్తే తీగకు ఒళ్లు బరువైతది."

ఇనపకటింగు తీసిన.
"కొయ్యకు. కోసింది అతకది."
అటు కొసకు బొటనవేలు ఆనిచ్చి
చిటికెనవేలు చాపిండు.
జానెడు.
ఇటు కొసకు జానెడు.
మడిచి, పురి తిప్పి, తాడు బిగించినం.
పసుపు గీత లేచి ఏడు దాటి కూసున్నది.
సూది కూడా, తన ఉర్దూ యాసల,
అదే మాటన్నది.

సందెల ఏడు మెగాహెర్ట్జ్‌ల గరగర.
అండ్లకెల్లి రాయచూరు గొంతు
గిన్నెల నీళ్లు పోసినట్టు.
"ఐదు, తొమ్మిది! ఏం మార్చినవయ్యా?
కొత్త రేడియోనా? కొత్త తీగనా?"
సారు మైకు నొక్కిండు.
నా దిక్కు చూడలే, డబ్బా దిక్కు చూడలే.
"జానెడు" అన్నడు.

జడ్చర్ల బస్సు ఎక్కినంక సంచి తడిమిన.
ఖాళీ.
ఫోను చేస్తే నవ్వు.
"సోమవారం ఇస్త."
ఏ సోమవారమో చెప్పలే.