ఏడెనిమిదుల ఏడాది

కూర్చోండి. కుర్చీలు చిన్నవే, తెలుసు,
మోకాళ్లు గడ్డానికి తగులుతాయి.
మిస్టర్ స్కోగ్లండ్, మీరు నిలబడినా పర్లేదు,
మీ పెద్దవాడి ఏడాది ఒక కుర్చీ విరిగింది.

మీ చేతిలో కాగితం ఉంది.
అందులో ఉన్నవన్నీ నిజమే:
గుణకారం, భాగహారం, భిన్నాలు,
కలిపిరాత, ఏప్రిల్‌లో రాష్ట్రం పెట్టే పరీక్ష,
రాత్రికి ఇరవై నిమిషాల చదువు.
ఇక దాన్ని మడిచి జేబులో పెట్టుకోండి.

ఇన్నాళ్లూ చదవడం నేర్చుకున్నారు,
ఇకమీదట నేర్చుకోవడానికి చదువుతారు.
ప్రతి సెప్టెంబరులో ఈ మాట చెబుతాను, అందరూ తలూపుతారు.
అర్థమయ్యేది మాత్రం నవంబరులో.
పాలడబ్బా మీద తేదీ చూసి
"ఇది మొన్నటిదే" అంటారు, మీరు గ్లాసు ఎత్తాక.
ఫ్రిజ్‌కి అంటించిన కరెంటు బిల్లు చదువుతారు,
కింద ఎర్రగా ఉన్న వరసతో సహా.
మీ ఫోనులో వెలిగిన మెసేజిని
మీకంటే ముందు చదువుతారు.
పిల్లల ముందు మాటని అక్షరాలుగా విడగొట్టి
పెద్దవాళ్లు గుట్టు నడిపే కాలం
చెల్లిపోయింది.

ఎక్కాల సంగతి.
రెండు, అయిదు, పది: ఉప్పు చల్లిన రోడ్డు.
తొమ్మిదికి వేళ్లతో ఒక చిట్కా ఉంది.
ఏడు దగ్గర ఏడుస్తారు.
ఏడెనిమిదుల దగ్గర ఈ మార్క్వెట్ ఊళ్లో ప్రతివాడూ జారిపడ్డాడు,
తొలి మంచుకి ఫ్రంట్ స్ట్రీట్ వాలులో జారినట్టు.
నేనూ పడ్డాను. అరిచి లాభం లేదు.
మీరు వాకిట్లో మంచు తవ్వుతుంటే
ఒక పొద్దున, ఎవరూ అడక్కుండానే,
"యాభైఆరు" అంటారు వెనకనుంచి.
ఆగి, పార పక్కన పెట్టి, విన్నానని చెప్పండి.

స్నేహాలకి కాగితంలో గడి లేదు.
జనవరికల్లా నలుగురు ముగ్గురవుతారు.
బస్సులో సీటు పట్టిపెట్టని రోజొకటి వస్తుంది.
ఆ రాత్రి కడుపునొప్పి అంటారు.
మందు వెతక్కండి. దీపం ఆర్పి పక్కన కూర్చోండి,
చీకట్లో పేర్లు బయటికొస్తాయి.

నాలుగేళ్ల కిందట ఒక పిల్ల.
పేరు చెప్పను, ఇర్మా అనుకుందాం.
మీ ఇంట్లోంచి ఒక భిన్నం తీసుకురండి అన్నాను.
అందరూ తినేవాటినే తెచ్చారు, ఒకడు సగం కొరికిన పాస్టీ తెచ్చాడు,
మిగతా సగం ఎక్కడరా అంటే పొట్ట చూపించాడు.
ఇర్మా ఒక కాగితపు పట్టీ తెచ్చింది,
ఏడు గళ్లు. నాలుగు ఎరుపు, మూడు నీలం.
"అమ్మ ఇల్లు. నాన్న ఇల్లు.
ఏడుకి సగం రాదు టీచర్.
ఒక రాత్రిని మధ్యకి కోస్తే వస్తుంది,
కానీ అప్పుడు నేను నిద్రపోతుంటానుగా."
లెక్క తప్పు లేదు.
పక్కన టిక్కు పెట్టాను. ఇంకేం పెట్టను?
ఆ పట్టీ నా సొరుగులోనే ఉంది,
తిరిగి ఇస్తానంటే
"నాకు తెలుసుగా, ఉంచుకోండి" అంది.

ఇరవై ఆరేళ్లుగా ఇదే గది, ఇదే కిటికీ,
అవతల సుపీరియర్ సరస్సు,
గడ్డకట్టడం, కరగడం.
ఏం ఆశించాలని అడిగారు మీలో ఒకరు, గుమ్మం దగ్గర.
ముందరి పళ్లు ముఖానికి పెద్దవవుతాయి.
బూట్లు ఒకే చలికాలంలో రెండుసార్లు కొంటారు.
"ఎందుకు" అనేది పోయి "నీకెలా తెలుసు" అనేది మొదలవుతుంది,
దానికి మీ దగ్గర జవాబు ఉండదు, నా దగ్గరా లేదు.

సరే. కాఫీ చల్లారిపోతోంది.
బల్లలోపల చెయ్యి పెట్టి చూడండి,
మధ్యాహ్నం మీకు ఉత్తరం రాశారు.
తప్పులున్నాయి, దిద్దలేదు.
అక్షరాలు ఒక్కోటీ విడివిడిగా నిలబడి ఉంటాయి,
కొత్తగా బళ్లో చేరినవాళ్లలా.
జూన్‌కి చేతులు పట్టుకుంటాయి.

చదివాక కుర్చీలు తలకిందులుగా బల్లలమీద పెట్టి వెళ్లండి,
మీ పిల్లలు రోజూ పెడతారు.

మిస్టర్ స్కోగ్లండ్,
అది మీ అమ్మాయి బల్ల కాదు.