కవరు ఏ దిక్కు

కొత్తవాడల మా మగ్గాల షెడ్డు
పుష్యమాసం కోడి కూసే యాళ్లకు కురుస్తది.
బయట మొగులు లేదు.
చుక్కలు ఎక్కడియక్కడ ఉన్నయి.
లోపల మాత్రం పడుగు మీద
టప్పు... టప్పు.

ఎరుపు తెలుపులకు దిగి
రెండు జంపఖానాలు వాపస్ వచ్చినయి.
చిల్లు పడ్డదనుకొని
రేకుకు డాంబరు పూసిన, ఎంసీల్ పెట్టిన.
చిల్లుంటే కదా పూడేది!

మిర్చి కోల్డ్ స్టోరేజీల
పంతొమ్మిదేండ్లు గోడలకు థర్మకోల్ అతికిన మొగిలన్న
నిచ్చెనెక్కి రేకు తడిమిండు,
వేళ్లు ముక్కుకాడ పెట్టుకున్నడు.
"గంజి వాసన" అన్నడు.
"ఇది వాన గాదు చెల్లె.
పొద్దుమీకి మీరు కాసే గంజి ఆవిరి,
రాత్రంతా మీరు ఇడిసే ఊపిరి.
పైకి పోయి సల్లటి రేకును ముట్టి
మల్ల మీ మీదనే రాలుతున్నది."

మా అత్త సోమనర్సమ్మ దగ్గు మనిషి.
ఏమీ అనలేదు.
ఆ రాత్రి నుంచి
మూతి మీద కొంగు కప్పుకొని పండుకున్నది.

సన్నగున్నవని అటక మీదికి నన్నే ఎక్కిచ్చిండు.
బోర్ల పండి పాకిన.
దూగోడల నడుమ రెండించుల థర్మకోల్ ఇరికిచ్చిన.
మూలకు సాలలేదు,
మగ్గం కింది నూలు తుక్కు కుక్కుదామంటే
"ఎలుకలకు కానుపు గది చేస్తవా?" అని తిట్టిండు.
అక్కడ దొరికింది ఒక నాడె,
లోపల కండెకు ఇంకా చిలుకపచ్చ దారం.
ఆ రంగు ఇప్పుడు ఎవరూ అడుగుతలేరు.
మల్ల అక్కడ్నే పెట్టిన.

కవరు మీద పరవబోతే కింది నుంచి కేక:
"లోపలి దిక్కు! లోపలి దిక్కు!
స్టోరేజీల వేడి బయట, కవరు బయటికి.
మీ ఇంట్ల వేడి లోపల.
కవరు ఎప్పుడూ వేడి దిక్కే."
"మరి ఎండకాలం?"
"ఎండకాలం మీ నల్లాకు నీళ్లస్తయా, ఆవిరి కానీకి?"

మిర్చి కల్లంల పరిచే నల్ల కవరు,
అతుకు మీద అతుకు జానెడు,
మీద టేపు.
దీపం పెడితే ఇల్లు కొత్త కుండ లోపలి లెక్క ఉన్నది.

తెల్లారుజామున మెలకువ వచ్చింది.
టప్పు లేదు.
చీకట్ల అత్త చెయ్యి పైకి లేచి ఉన్నది,
అరచెయ్యి తెరిచి.
చానసేపు అట్లనే పట్టింది.
పొడిగనే ఉన్న చెయ్యిని చెంపకు రుద్దుకున్నది.
కొంగు తీసేసింది.

తర్వాత
తనివితీర దగ్గింది.