తొమ్మిది పిచ్చు

టూరిజం బోటు ఉరుకుడు చూసి మనసాగక
పదమూడు పిచ్చు రెక్క తెచ్చిన మంగపేట రేవుకు.
ఖాళీ పడవ గోదారిని చింపుకుంట పోయింది.
మిరప బస్తాలు ఎక్కినంక
కట్ట ఎక్కలేని ఎద్దు లెక్క
ఇంజను నురగలు కక్కింది.

హన్మకొండల యాకూబ్
రెక్కను గోటితో మీటి చెవికి ఆనించుకున్నడు.
"వంకర లేదు. తప్పు దీనిది గాదు."
ఎంత జోరు పోవాలె అని అడగలే.
"ఎవలెవలు ఎక్కుతరు?" అన్నడు.

చెప్పిన:
బస్తాలు పన్నెండు, ఐసు డబ్బా,
ఆశా వర్కర్ ఈసం ముత్తమ్మ, ఆమె టీకాల పెట్టె.
వానకాలం అవతలి ఒడ్డు నుంచి
నెలలు నిండిన ఆడామె ఎవరో ఒకరు.
మేకల సంగతి చెప్పుడు మరిచిన.

అల్మారా అడుగున చెయ్యి పెట్టి
తొమ్మిది పిచ్చుది తీసిండు, నూనె గుడ్డల చుట్టింది.
"సుట్టుకు తొమ్మిది అంగుళాలే జరుపుతది.
గని జరుపుతది."

ఇప్పుడు మా పడవను
ఈతకొచ్చిన పోరగాండ్లు సుత గేలి చేస్తరు.
మొన్న ఎదురు వరదల, రాత్రి,
నొప్పుల మీదున్న ఆమె మూలుగు నాకు వినవడ్డది,
ఇంజను మూలుగు గాదు.

పదమూడుదానికి తాడు కట్టి
లంగరు చేసుకున్న.
దాని మీద కాలు పెట్టే
మేకలు పడవ ఎక్కుతయి.