ఉప్పు పట్టిన టేపు

పాత పోస్టాఫీసు వెనక సందులో
ఓడలోళ్ళు అమ్ముకుపోయిన సరుకుల కొట్టుండేది.
బైనాక్యులర్లు, గళ్ళ దుప్పట్లు, ఒంటి బూటు,
ఎటు తిప్పినా యారాడ కొండనే చూపించే
చచ్చిన దిక్సూచి ఒకటి.
అక్కడ పదిహేను రూపాయలకి కొన్నానా క్యాసెట్టు.
అట్ట మీదవి ఏ దేశపు అక్షరాలో తెలీదు.
శాక్సాఫోన్ పట్టుకున్న మనిషి ఫోటో,
ముఖం ఉండాల్సిన చోట బూజు.

అప్పుడు నాకు ఇరవై రెండు.
నూకరాజు డ్రమ్ములు, ఎర్నెస్టు బేసు, నేను గిటారు.
ఏ కాలేజీ ఫంక్షనుకి పిలిచినా
తీగల మీద మూడే మూడు పట్లు,
జుట్టు విదిలిస్తే చాలు, కుర్రాళ్ళు బెంచీలెక్కేసేవారు.
దెబ్బలు నాలుగు. ఎప్పుడూ నాలుగే.
మంచానికి నాలుగు కోళ్ళున్నట్టు
ఆ లెక్క మీద హాయిగా పడుకునేవాణ్ణి.

ఆ రాత్రి కంచరపాలెం మేడ మీద గదిలో
టేపు తిరిగింది.

మిషను నమిలేస్తోందనుకున్నాను మొదట.
రెండుసార్లు ఆపి, పెన్సిలు దూర్చి చుట్టి, మళ్ళీ వేశాను.
నమలడం కాదు. వాయించడమే అది.
ఒకడు ఊపిరి అయిపోయేదాకా ఊదుతున్నాడు,
అయిపోయాక కూడా ఊదుతున్నాడు.
డ్రమ్ముల వాడు లెక్క మానేశాడు,
గాలివానకి రేకుల మీద మామిడికాయలు రాలుతున్నాయి.
ఎవడో పియానో మీద మోచేతులతో పాకుతున్నాడు.
ఎవడి దారి వాడిది. అయినా
ఒకణ్ణొకడు వదిలెయ్యలేదు.

కింద వాటా పైడితల్లమ్మ గారు మెట్లెక్కి వచ్చారు.
"ఏటి బాబూ, మేకని కోస్తన్నారేటి?"
కాదండీ, అన్నాను,
ఈనుతోంది.

నూకరాజు సగం విని లేచిపోయాడు.
"మా యమ్మ రోజూ అరిసేదే గదేటి. దీనికి డబ్బులిచ్చేవా?"
తెల్లారి నాలుగున్నరకి
ఫిషింగ్ హార్బరు వేలం దగ్గర నిలబెట్టాడు నన్ను.
వంజరం గుట్ట దగ్గర వాళ్ళమ్మ ఒక అంకె ఎత్తుకుంది,
గంపల వెనక ఇంకొకావిడ దాన్ని కోసేసి పైకెళ్ళింది,
ఐసు మర కరకర, బోటు ఇంజిను దగ్గు,
గొంతుని గొంతు తొక్కుకుంటూ తొక్కుకుంటూ
ఒక్కసారి అన్నీ ఆగిపోయాయి.
చేప అమ్ముడైపోయింది.
ఆ ఆగడానికి సైగ ఎవరు చేశారో
ఇప్పటికీ తెలీదు నాకు.

ఇక చెడిపోయాను.
గాజువాకలో, నిండు మైదానం ముందు,
అందరికీ తెలిసిన పాట మధ్యలో
గిటారుని లెక్కలోంచి దింపేశాను.
ఎర్నెస్టు బిత్తరపోయి ఒక్క తీగనే పట్టుకు వేలాడాడు.
నూకరాజు నవ్వాడు, నా వెనకే దూకేశాడు.
రెండు నిమిషాలు. మూడో నిమిషంలో
స్టేజి మీదకి చెప్పు వచ్చి పడింది. ఎడమ కాలుది.
రెండోదాని కోసం కాసేపు చూశాను,
వాయిస్తూనే.

మొన్న మా మేనల్లుడు ఫోన్లో పట్టుకున్నాడు ఆ సంగీతాన్ని.
తుడిచిన అద్దంలా ఉంది శబ్దం.
బీచి రోడ్డు గోడ మీద కూర్చుని విన్నాను.
మోచేతులున్నాయి, మామిడికాయలున్నాయి.
కానీ పదకొండో నిమిషం దగ్గర
శాక్సాఫోన్ నీళ్ళలో మునిగి, వంకరపోయి,
ఇంకెవరిదో గొంతుతో తేలే చోటు,
ఇరవయ్యేళ్ళుగా నా వేళ్ళు వెతుక్కుంటున్న చోటు,
ఏ పెడల్ తొక్కినా పలకని చోటు,
అక్కడ వాడు మామూలుగా ఊదుకుంటూ
వెళ్ళిపోయాడు.

అంటే అది వాడు ఊదలేదు.
కొట్టు కిటికీలోంచి వచ్చి
ఎన్ని వానాకాలాలు ఆ టేపు మీద కూర్చుందో
మా ఊరి గాలి.

నూకరాజుకి ఫోన్ చేసి చెప్పాను.
చాలాసేపు మాట్లాడలేదు వాడు, వెనక ఐసు మర తిరుగుతోంది.
"అయితే ఇరవయ్యేళ్ళు ఉప్పుని ప్రాక్టీసు చేసేవన్నమాట."
నవ్వు.
"ఆదివారం గిటారు ఒట్టుకొచ్చీ.
తీగలు తుడవకు."