జారిపోయింది

పాత పోస్టాఫీసు వెనక సందులో మా ఆఫీసు.
ఓడలకి తాళ్ళూ, రంగు డబ్బాలూ, బియ్యం, ఉల్లిపాయలూ అమ్ముతాం.
మెట్ల మీద ఎప్పుడూ కొత్త మోకుల వాసన.

వెబ్‌సైటుకి ఇంగ్లీషు రాయమని
అప్పలస్వామి గారు మా ఇద్దర్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టారు,
పెరూలో కయావ్ రేవు నుంచి వచ్చిన నియేవెస్‌నీ
జాలారిపేట నుంచి వచ్చిన నన్నూ.
ఇద్దరిదీ అరువు భాషే.
తన పేరుకి మంచు అని అర్థమట.
ఈ ఊళ్ళో మంచు ఐసు ఫ్యాక్టరీలోనే దొరుకుతుందన్నాను,
అదీ చేపల కోసం.

మొదటి పేరా తను రాసింది.
ఆదివారం సాయంత్రం బీచిరోడ్డు మీద జనంలా
ఒక మాటని తోసుకుంటూ ఇంకో మాట,
ఎక్కడా ఫుల్‌స్టాప్ లేదు.
రెండోది నేను రాశాను.
ఏం చేస్తామో చెప్పే మాట చివరిదాకా రాదు,
దువ్వాడ దాటి గంటైనా
ప్లాట్‌ఫారం దొరక్క నిలబడ్డ రైలు.

కోసుకుంటూ పోయాం.
'అత్యుత్తమ'ని కోశాం.
'నమ్మకానికి మారుపేరు'ని కోశాం.
'కస్టమరే దేవుడు' దగ్గర అప్పలస్వామి గారు అడ్డం పడ్డారు,
వాళ్ళ నాన్న గోడ మీద రాయించిన మాటట.
ఒక పూట ఉంచాం.
ఆయన కస్టమ్స్‌కి వెళ్ళినప్పుడు తీసేశాం.

టీ తాగుతూ తను చెప్పింది,
వాళ్ళ భాషలో 'నేను ఇష్టపడ్డాను' అనరట,
'నాకు నచ్చింది' అంటారట.
నచ్చడం ఆ వస్తువు చేసే పని,
మనం తలుపు తీసి నిలబడ్డవాళ్ళం.
మాదీ అంతే కదా, అన్నాను.
నిద్రొస్తుంది, కోపమొస్తుంది, ఏడుపొస్తుంది,
అన్నీ ఎక్కడినుంచో వస్తాయి, సిటీ బస్సుల్లాగా.
ఆకలి మాత్రం తనకి 'ఉంటుంది'. నాకు 'వేస్తుంది'.

అప్పుడే గాజుగ్లాసు కింద పడింది. తన చేతిదే.
స్పానిష్‌లో ఏదో అంది.
మాటకి మాట విప్పమంటే విప్పింది:
'నాకు అదే పడిపోయింది.'
మేమైతే జారిపోయింది అంటాం, అన్నాను.
మరి ఇంగ్లీషులో?
ఇద్దరం కాసేపు నేలమీద టీ మరకని చూశాం.
ఇంగ్లీషులో, తను పడేసింది.

సాయంత్రానికి ఆఖరి పేజీ మిగిలింది.
పోయిన నెల గ్రీకు ఓడకి సరుకు రెండ్రోజులు లేటు.
'అనివార్య కారణాల వల్ల ఆలస్యం జరిగింది' అని ఉంది.
ఎవరు జరిపారు? అంది నియేవెస్.
కిటికీలోంచి డాల్ఫిన్ నోస్ మీద దీపం
వెలిగింది, ఆరింది, వెలిగింది.
మేము ఆలస్యం చేశాం.
ఇకమీద ఆలస్యం చేస్తే డబ్బు తీసుకోం.
రెండే వాక్యాలు.
రాసేసరికి నాకు చెమట పట్టింది.

అప్పలస్వామి గారు చాలాసేపు చదివారు.
"ఇంతేనా?" అన్నారు.
మెడ తడుముకున్నారు.
"సర్లెండి, ఎట్టీండి."

రాత్రి ఇంట్లో
నెత్తళ్ళ పచ్చడి జాడీ నా చేతిలోంచి...
అమ్మ గుమ్మంలోకి వచ్చి
"ఏటయింది?" అంది.
"పగలగొట్టీసేనమ్మా" అన్నాను.
అమ్మ పెంకుల్ని చూడలేదు, నన్నే చూసింది.
"అలగనకే. జారిపోయిందను"
అని చీపురు తెచ్చింది.