ఆటో అంటే

మా కొండమల్లేపల్లి అడ్డమీద
ఆటో అంటే మూడు గీరెలు ఒక్కటే కాదు.

"ఇంకా ఆటో రాలే" అంటే
పొద్దు పొడవలేదని.
"ఆటో పోయింది" అంటే
ఇయ్యాల్టి కూలి పోయిందని.
"మీ చేనుకు ఎన్ని ఆటోలు గావాలె పటేలా?"
కమిలి ఫోన్ల అడుగుతది.
పదిహేను మంది ఆడోళ్లు ఒక ఆటో.
పత్తి ఏరే కాలంల
మనిషంటే ఆటోల పదిహేనో వంతు,
సద్ది గిన్నె, నెత్తి రుమాలు
దాంట్లనే కలిపి.

నన్ను గూడ ఆటో అనే పిలుస్తరు.
"ఏ ఆటో, ఆగు!"
ఆగేది నేనా బండా
పదకొండేండ్ల సంది తేల్చుకోలే.
పెండ్లి పత్రికల నిరంజన్ అని వేయిస్తే
ఎవలీ నిరంజన్ అన్నరు.
మళ్ల అచ్చు కొట్టిచ్చిన,
ఆటో నిరంజన్ అని.

చింతపల్లి దాక ఎక్కిన కొత్త పంతులమ్మ
ముందర సీట్ల ఒక అంచున కూసొని
"ఆటో అంటే తనంతట తాను అని అర్థం, తెలుసా?" అన్నది.
తెల్వదన్న.
అదే పొద్దుగాల నక్కలగుట్ట ఎక్కుడుకాడ
కమిలి, అంజిలమ్మ, ఇంక పదముగ్గురు
దిగి నూకితేనే
తనంతట తాను ఎక్కింది.

కని ఆ మాట ఇడిచిపెట్టలే నన్ను.

మా ఇంట్ల ఇంకో ఆటో ఉండేది.
బోరుకాడ, రాతి కడీకి కట్టిన తెల్ల డబ్బ.
కరెంటు ఏ జాముకొచ్చినా
మోటరు దానంతట అదే లేసేది.
అది పెట్టకముందు
రాత్రి రెండింటికి బ్యాటరీ లైటు పట్టుకొని
నాయిన గట్టెంబడి పోయేటోడు,
తడి కాళ్లతోని, తడి చేతులతోని.
డబ్బ పెట్టిన తొలినాడు
"ఆటో ఉన్నది గద" అని
దుప్పటి ముసుగు తన్ని పన్నడు.
అమ్మనే నిద్రపట్టక
రెండుసార్లు లేసి చూసింది
మనిషి ఉన్నడా లేడా అని.

బోరెండినంక
మోటరు, పైపులు, కేబులు అమ్మినం.
ఈ బండికి మొదటి కిస్తీ ఆ పైసలే.
ఆటో అమ్మి ఆటో కొన్నరని
ఊరంత నవ్వింది.
డబ్బను మాత్రం ఎవలు కొనలే.
వైరు గూడ తీయలే.
కరెంటు పోయి వచ్చినప్పుడల్ల
ఇప్పటికి టక్కుమంటది.
కింద మోటరు లేదని
దానికి ఎవలు చెప్పాలె?

నాలుగు గాకముందే ఆ చప్పుడుకు లేస్త.
ముఖం మీద నీళ్లు కొట్టుకుంట
తాళం కోసం ఎతుకుతుంట.
ఫోను మోగుతది.
కమిలి:
"ఇయ్యాల ముప్పావు ఆటోనే నిరంజనూ,
నలుగురికి జెరం."